మా నాన్న పట్టిన పులస

పోయిన శుక్రవారం పొద్దున్న ఇక్కడ ఖతార్‌లో, మెసయీద్ సముద్రం ఒడ్డున గాలాలు వేసుకుని కూర్చున్నాం, నేనూ, మా కంపెనీలో క్రేను నడిపే కుర్రాడూ. కుర్రాడిది నిజామాబాద్ దగ్గర పల్లెటూరు. వాళ్ళ ఊరి చెరువులో సంక్రాంతి దాటితే నీళ్ళు ఉండవని వాడే చెప్పాడు. చేపలు పట్టడం ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. నేను గోదారి లంకలో పుట్టినవాణ్ణి. మా నాన్న, తాత, ముత్తాత, అందరూ వల మీద బతికినవాళ్ళే. అయినా సరే, ఎండ ఎక్కేసరికి వాడి బకెట్లో షేరీ చేపలు టపటపా కొట్టుకుంటున్నాయి. నా బకెట్లో నీళ్ళున్నాయి.

"గాలానికి ఏం గుచ్చుతున్నావురా నువ్వు?" అని అడిగాను.

"నువ్వు గుచ్చిందే అన్నా. రొయ్యలే. నీ డబ్బాలకెల్లే తీస్కున్న."

నా ఒళ్ళు మండిపోయింది. నా రొయ్యలు నాకు పనికిరాకుండా పోయి, వాడి చేతిలో పడేసరికి చేపల్ని పిలుస్తున్నాయన్నమాట. నేను గాలం తీసి మళ్ళీ వేశాను. అదీ దండగే అయింది.

మధ్యలో వాడు ఫోను తీసి ఒక వీడియో చూపించాడు. ఎక్కడో చలిదేశంలో నది. రాళ్ళ మీంచి దూకే నీళ్ళకి ఎదురు, బారెడు చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. తొడల లోతు నీళ్ళలో నిలబడి ఒకాయన గాలం విసురుతున్నాడు.

"సాల్మన్ అంటరట అన్నా. పెరిగేది సముద్రంల, గుడ్లు పెట్టేతందుకు మళ్ళ నదిలకి ఉల్టా ఎక్కుతదట. గిసొంటి చేప దునియాల ఇంకోటి లేదంటున్నడు."

"ఎందుకు లేదు? మా గోదారిలో పులస లేదూ?"

"పులస అంటే ఏంది?"

అయ్యో, వీడికి పులసంటే తెలియదు! చెప్పాను. సముద్రంలో ఉన్నంత కాలం దాని పేరు విలస. తొలకరి వరదకి గోదారి ఎర్రబడగానే అది సముద్రం వదిలేసి, వరదకి ఎదురీదుకుంటూ ఏట్లోకి ఎక్కుతుంది. ఎక్కేకొద్దీ ఒంట్లో ఉప్పు పోతుంది, కొవ్వు పడుతుంది, రంగు తిరుగుతుంది. అప్పుడది పులస. చేప ఒకటే, రుచి మాత్రం ఒకటి కాదు. ఎర్రనీరు తగ్గి గోదారి తేటపడిందంటే మళ్ళీ ఏడాది దాకా దాని మొహం చూడలేం.

"అచ్ఛా!" అన్నాడు వాడు. అంటూనే గాలం లాగాడు. దానికి ఇంకో చేప ఉంది.

జుమ్మా నమాజుకి టైమవుతోందని లేచాడు. పోతూ పోతూ బకెట్లోంచి పెద్దది ఒకటి తీసి కవర్లో పెట్టి నాకిచ్చాడు. "తీస్కపో అన్నా. వదినకి ఇయ్యి. నీ గాలానికే పడ్డదని చెప్పు. నేనైతే ఎవ్వరికి చెప్ప."

"మాకొద్దు!" అన్నాను.

వాడు బిత్తరపోయాడు. నేనూ బిత్తరపోయాను. ఎందుకంటే ఆ మాట నాది కాదు, మా నాన్నది. అదే విసురు, అదే గొంతు. ఆ గొంతు విని ఎన్నేళ్ళయిందో. వాణ్ణి బస్సెక్కించి, ఇంటికి వెళ్ళకుండా కారులోనే చాలాసేపు కూర్చుండిపోయాను.

నాకప్పుడు పదీ పదకొండేళ్ళుంటాయి. మా లంకలో కొత్తనీరు వచ్చిందంటే ముందు ముక్కుకే తెలిసేది. మంచం మీద ఉండగానే తడిమట్టి వాసన, నానిన ఆకుల వాసన, దానితో పాటు కొంచెం పశువుల చావిడి వాసన. పిల్లలం రేవుకి పరిగెత్తేవాళ్ళం. నిన్నటిదాకా అద్దంలా ఉన్న ఏరు ఇవాళ ఎర్రగా, చిక్కగా, అరటిబోదెల్నీ గడ్డి కుప్పల్నీ మోసుకుంటూ పోయేది. పెద్దవాళ్ళు బడిలో పిల్లల్లా ఒకచోట నిలబడలేకపోయేవాళ్ళు. వలలు విప్పడం, బెండ్లు కట్టడం, పడవలకి తారు పూయడం, దేనికో ఒకదానికి అరుచుకోవడం. తారు వాసన, పొగాకు వాసన, ఆ తిట్లు, అన్నీ కలిపితేనే నాకు పులసల కాలం.

మా పాయలో పడవకి ఇష్టమొచ్చినట్టు వల వేస్తానంటే కుదరదు. అడుగున మొద్దులూ ముళ్ళకంపలూ లేని శుభ్రమైన నీళ్ళు కొంచెం మేరే ఉండేవి. అక్కడ ఏటికి అడ్డంగా వల వదిలి, వాలులో దాని వెంట జారుకుంటూ పోవాలి. ఆ మేర దాటేలోగా పడితే పడినట్టు. లేకపోతే వల తీసుకుని వెనక్కి వచ్చి, మళ్ళీ వరసలో చివర నిలబడాలి. దాన్నే వంతు అనేవాళ్ళు. ఒక పడవ తర్వాత ఒక పడవ. వంతు దగ్గర తండ్రీకొడుకులు కూడా మొహమాటపడరు.

మా నాన్న వంతుకి ముందు వంతు ఎప్పుడూ పెదనాన్నది.

ఈ పెదనాన్న మా నాన్నకి అన్న కాదు. మా అమ్మకి మేనమామ కొడుకు, అంటే బావ. అమ్మకి బావ కాబట్టి నాకు పెదనాన్న వరస. అమ్మ ఉయ్యాల్లో ఉన్నప్పుడే అతనికిచ్చి చేద్దామని పెద్దవాళ్ళు మాట అనుకున్నారట. తీరా ఈడొచ్చాక అమ్మ మా నాన్ననే చేసుకుంటానని అన్నం మానేసి కూర్చుందట. ఈ సంగతి మామ్మ, అంటే మా నాన్నమ్మ, కోడలి మీద ప్రేమ వచ్చినప్పుడు గొప్పగానూ, కోపం వచ్చినప్పుడు ఎత్తిపొడుపుగానూ చెప్పేది.

పెళ్ళి మా నాన్నకే అయింది. అయినా ఆ మనిషి మీద కుళ్ళు మాత్రం నాన్నకే మిగిలింది. పెదనాన్న సౌమ్యుడు. వేరే పెళ్ళి చేసుకుని, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల సుఖంగా ఉండేవాడు. అమ్మ ఎదురైతే "ఏం పిల్లా, బాగున్నావా?" అని మాత్రం అనేవాడు. ఆ 'పిల్లా' అన్న మాటకి మా నాన్న రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. దానికి తోడు పెదనాన్న వలకి చేప పడేది. ముందు వంతు కదా, ఉన్న పులసేదో ఆయనకే తగిలేది. వెనకాల వెళ్ళిన మా నాన్నకి జెల్లలో, గొరకలో, ఒక్కోసారి పాత చెప్పో.

"ఏట్లో దేవుడు కూడా ఆడి వైపే" అనేవాడు నాన్న, తుండుగుడ్డ విదిలించి.

నాకు ఆ కుళ్ళు నాన్న నుంచి వచ్చింది. పెదనాన్న కొడుకు నాకంటే కొన్ని నెలలు పెద్ద. వరసకి అన్న. చస్తే అలా పిలిచేవాణ్ణి కాదు. వాళ్ళింట్లో పులస వండిన మర్నాడు వాడు కావాలనే చేతులు కడుక్కోకుండా ఆదివారం బడికి వచ్చేవాడు. చర్చి వరండాలో చాప మీద అందరం కూర్చున్నాక, టీచరమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టగానే, చెయ్యి చాపి ఒక్కొక్కరి ముక్కు దగ్గరా వేళ్ళు పెట్టేవాడు.

"వాసన సూడెహె. పులుసు. రాత్రిది."

పిల్లలందరూ వరసగా వాసన చూసేవాళ్ళు. నేను మొహం తిప్పుకునేవాణ్ణి. తిప్పుకుంటూనే ఊపిరి గట్టిగా లోపలికి పీల్చేవాణ్ణి. చింతపండు, మెంతిపిండి, ఆవకాయ నూనె, వాటి వెనకాల ఇంకేదో కమ్మటి కొవ్వు వాసన. "ప్రభువా, వీడి వేళ్ళకి గోరుచుట్టు లేవాలి" అని నేనూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాణ్ణి.

ఆ ఏడు అమ్మ కడుపుతో ఉంది. ఏం తిన్నా ఇమిడేది కాదు. కళ్ళు లోపలికి పోయాయి. మామ్మ ఊరగాయలన్నీ తీసి ముందు పెట్టింది. పక్కింటివాళ్ళు పనసతొనలు తెచ్చారు. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఒకరోజు మధ్యాహ్నం గడపలో కూర్చుని, రేవుకి వెళ్ళబోతున్న నాన్నని చూసి, "నువ్వు పులస తెత్తే తినాలనుందయ్యా" అంది.

నాన్న మొహం వెలిగిపోయింది. "ఓస్, అంతేనా? రేపు ఈ పాటికి దాకలో ఉంటది సూడు!" అన్నాడు.

రేపు దాకలో ఏమీ లేదు. ఎల్లుండీ లేదు. వారం తిరిగింది. నాన్న పొద్దున్న పోటుకీ వెళ్ళాడు, మధ్యాహ్నం పోటుకీ వెళ్ళాడు. వానలో తడిశాడు. వంతు కోసం అన్నం మానేశాడు. రేవులో వాళ్ళు ఊరుకుంటారా? "పెళ్ళాం కడుపుతో ఉంటే వలకి చేప పడదు బాబూ, నువ్వు ఇంటికాడ కూర్చో" అని ఒకడు. "ఆ గోదారినే కడుపుతో ఉన్నదాన్ని చేశావేంట్రా, ఒక్క చేపనీ కడుపులోంచి వదలట్లేదు" అని ఇంకొకడు. నాన్న పళ్ళు నూరేవాడు.

ఇంట్లో మామ్మ పోరు వేరే. "కడుపుతో ఉన్న మనిషి కోరింది పెట్టకపోతే పుట్టే బిడ్డకి చెవులు కారతాయిరా" అని నాన్న వినేలా గోడకి చెప్పేది. నాకు గుండెల్లో రాయి పడింది. బడిలో చెవి కారే పిల్లాడు ఒకడు ఉండేవాడు, ఎప్పుడూ దూది పెట్టుకుని. మా ఇంట్లో పుట్టబోయేవాడికి అలా అయితే ఎలా? పెదనాన్న కొడుకు ఊరుకుంటాడా? ముందు పులస పడాలి, అదీ మా నాన్న వలకే పడాలి. ఆ నెల నాకు ఇంకో ధ్యాస లేదు.

అటు పెదనాన్నకి పడుతూనే ఉన్నాయి. ఒకరోజు సాయంత్రం ఆయన భార్య, మా పెద్దమ్మ, కొంగు కింద గిన్నె దాచుకుని వచ్చింది. మూత తీయకముందే నాకు తెలిసిపోయింది.

"నీకు మనసైందంట గదే. మీ బావ పంపాడు. తల ముక్క కూడా వేశాను. తినమ్మా" అంది అమ్మతో.

నాన్న పెరట్లో వల ఆరేస్తున్నవాడు అక్కణ్ణుంచే, "మాకొద్దు! మాకు వల లేదా?" అని అరిచాడు. అమ్మ లేచి ఆవిడ భుజం మీద చెయ్యి వేసి గడప దాకా సాగనంపింది. గిన్నె నా ముక్కు ముందు నుంచే వెళ్ళిపోయింది.

పెద్దమ్మ మంచిది. మళ్ళీ వచ్చింది. ఈసారి నాన్న ఏటి మీద ఉన్న సమయం చూసుకుని వచ్చింది. మామ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. లోపల అమ్మా, నేనూ, గిన్నె. నాన్న లేడు! నా నోట్లో నీళ్ళూరాయి. అమ్మ మూత తీసి చూసింది. ముక్కల మీద నూనె తేలుతోంది, బెండకాయలు ఉబ్బి ఉన్నాయి. అమ్మ గట్టిగా ఊపిరి పీల్చి మూత పెట్టేసింది.

"ఆయన పట్టుకొచ్చాక తింటానక్కా. ఏమనుకోకు."

"తెలిత్తే గదా ఆయనకి! పిల్లాడు సెప్తాడా ఏంటి?"

"నేను సెప్పను, సెప్పను!" అన్నాను నేను.

అమ్మ నా వైపు ఒక చూపు చూసింది. గిన్నె పెద్దమ్మ కొంగు కిందికి వెళ్ళిపోయింది. నాకు అమ్మ మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. నాన్నకి భయపడి ఇలా చేస్తోందనుకున్నాను. ఆ మర్నాడు పెదనాన్న కొడుకు, "మీ అమ్మ వద్దంది గదా, ఆ గిన్నె నేనే నాకేశాను" అన్నాడు. వాడితో కలబడి చొక్కా చింపుకుని వచ్చాను.

నాన్న చివరికి వలకి ప్రార్థన కూడా చేయించాడు. పాస్టరుగారు గొడుగేసుకుని రేవుకి వచ్చి, బురదలో జారకుండా ఒక చేత్తో పడవ పట్టుకుని, ఇంకో చెయ్యి వల మీద పెట్టి చాలాసేపు ప్రార్థించారు. ఆ పోటుకి నాన్న వంతులో ఒక పాము పడింది. పాస్టరుగారు మళ్ళీ రేవు ఛాయలకి రాలేదు.

ఈలోగా ఏరు తేటపడటం మొదలైంది. ఎరుపు పలచబడి, ఒడ్డున చెయ్యి ముంచితే వేళ్ళు కనిపిస్తున్నాయి. ఇంకో రెండు మూడు రోజులు, అంతే. నాన్న రేవులో ఆ నీళ్ళు దోసిట్లోకి తీసుకుని చూసి, పారబోసి, మళ్ళీ తీసుకుని చూశాడు. ఆ పూట ఎవరినీ తిట్టలేదు. నాకు భయమేసింది.

మర్నాడు పొద్దున్నే, "వల దారం తేవాలి, సైకిలెక్కరా" అన్నాడు నాతో. పంటు మీద ఏరు దాటి టౌనుకి వెళ్ళాం. దారం కొట్టు దాటి ముందుకు పోతుంటే, "నాన్నా, కొట్టు!" అన్నాను. నాన్న వినలేదు. సముద్రపు రేవు నుంచి ఐసు పెట్టెలు దిగే చోటికి తీసుకెళ్ళాడు. నేల అంతా ఐసు నీళ్ళు, పొలుసులు, ఈగలు. ఒక పెట్టెలో తెల్లగా, పలకల్లా బిగుసుకుపోయి విలసలు. నాన్న ఒక్కొక్కటీ ఎత్తి, తిప్పి, వెలుతురుకి పెట్టి చూశాడు. ఒంటి మీద కాస్త ఎరుపు డాలు ఉన్నదాన్ని ఏరాడు. జేబులో ఉన్నదంతా వాడి చేతిలో పోశాడు.

వచ్చేదారిలో నాకు గోలీసోడా ఇప్పించాడు. నేను తాగుతుంటే ఏటో చూస్తూ, "ఏటి చేపేరా ఇది కూడా. కాకపోతే ఇంకా ఏరెక్కలేదు. మనం ఎక్కిత్తున్నాం" అన్నాడు. సోడా పొంగి నా ముక్కులోకి పోయింది. నాన్న నవ్వలేదు.

తెడ్డు వేసే మనిషిని ఆ రోజుకి రావద్దన్నాడు. మధ్యాహ్నం పోటుకి నన్ను పడవెక్కించాడు. ఎన్నాళ్ళ కల అది! పెదనాన్న కొడుకు ఒడ్డు మీద నిలబడి చూస్తుండగా నేను మా పడవలో తెడ్డు పట్టుకున్నాను. నా కాళ్ళ దగ్గర తడి గోనెసంచి కింద విలస ఉంది. మా ముందు పెదనాన్న వంతు. ఆయన వల ఖాళీగా వచ్చింది. మా వంతు వచ్చింది. నాన్న వల వదిలాడు. వాలులో జారుతూ పోయాం. మేర చివరికి వచ్చాక వల లాగుతూ, ఒడ్డుకి వీపు పెట్టి వంగి, గోనె కింద నుంచి చేపని తీసి వల కన్నుల్లో దూర్చాడు. దూర్చి, పైకెత్తి, "పడ్డాదిరోయ్!" అని కేక పెట్టాడు.

ఆ కేక వినాలని నేను నెల రోజుల నుంచీ చచ్చిపోతున్నాను. అబద్ధమని తెలిసీ నా ఒళ్ళు పులకరించింది.

ఒడ్డున జనం మూగారు. పులసలు కొనడానికి టౌను నుంచి మోపెడ్ మీద వచ్చి కాసుకు కూర్చునే షావుకారు ముందుకు తోసుకొచ్చాడు. "అమ్మకానికి కాదు, ఇంటికి" అని నాన్న అంటున్నా వినకుండా చేప చేతిలోకి తీసుకున్నాడు. మొప్ప ఎత్తాడు. పొట్ట నొక్కాడు. కళ్ళు చిట్లించాడు.

"ఇదేంటండీ, ఇంత సల్లగా ఉందీ?"

అందరూ ఆగిపోయారు. అక్కడున్నవాళ్ళందరూ పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేపలు చూస్తున్నవాళ్ళే. అప్పుడే పట్టిన పులస మొప్పల్లోంచి నెత్తురు కారుతుంది, కళ్ళు మెరుస్తుంటాయి. ఇది చెక్కలా ఉంది. ఒకడు నవ్వడానికి నోరు తెరిచాడు.

"గోదారి నీళ్ళు సల్లగా ఉండక కాగుతుంటాయేంటండీ?" అన్నారెవరో. తిరిగి చూశాను. పెదనాన్న. గుంపులోంచి వచ్చి షావుకారు చేతిలో చేపని తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన బొటనవేలు మొప్ప దగ్గర ఆగింది. ఒక్క క్షణం మా నాన్న కళ్ళలోకి చూశాడు.

"ఈళ్ళ ముందు వంతే గదా నాది. తిరిగొత్తా సూశాను, నా కళ్ళ ముందే పడ్డాది. ఎర్రనీటి పులస. కడుపుతో ఉన్న మనిసి ఆశపడి ఉంది, ముందు ఇంటికి పంపండి" అని చేపని నా చేతుల్లో పెట్టాడు.

పెదనాన్న మాటకి ఎదురు లేదు. జనం పలచబడ్డారు. మా నాన్న మాత్రం థాంక్స్ చెప్పినవాడిలా లేడు, చెంపదెబ్బ తిన్నవాడిలా ఉన్నాడు.

కత్తిపీట ముందు మామ్మ కూర్చుంది. మొప్ప ఎత్తింది, కొడుకుని చూసింది, మొప్ప దించేసింది. మామ్మ ఏమీ అనకపోవడం నేను చూడటం అదే మొదలు. అమ్మ లేచి తనే వండుతానంది. మట్టిదాకలో పులుసు పోసి, ముక్కలు పరిచి, బెండకాయలు వేసి, పిడకల సెగ మీద పెట్టింది. పులస కూరలో గరిటె పెట్టకూడదు, ముక్క చెదురుతుంది. గుడ్డతో దాక అంచులు పట్టుకుని మెల్లగా తిప్పాలి. అమ్మ అలాగే తిప్పింది. చివర్లో వెన్నపూస వేసి, మూత పెట్టి, "రేపటికి ఊరుతుంది" అంది.

మర్నాడు మధ్యాహ్నం పీట వేసి అమ్మని కూర్చోబెట్టారు. నాన్న ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. మొదటి ముద్ద పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. ముల్లు తీసి పక్కన పెట్టింది. రెండో ముద్ద కలిపింది. వాంతి అవుతుందేమోనని మామ్మ చెంబు పట్టుకుని నిలబడింది. అవలేదు. అన్ని రోజుల తర్వాత అమ్మ తింటోంది.

"ఎలా ఉంది?" అన్నాడు నాన్న.

"ఎర్రనీటి పులస" అంది అమ్మ.

నాన్న తుండుగుడ్డ నేలకేసి కొట్టాడు. "ఒడ్డు మీద ఆడూ ఇదే మాట. నువ్వూ ఇదే మాట. ఇద్దరూ ఎప్పుడనుకున్నారే?"

"ఒరేయ్!" అంది మామ్మ.

అమ్మ ముద్ద ఆపలేదు. నోట్లోది మింగి, నీళ్ళు తాగి, అప్పుడు చెప్పింది. "అనుకోవాలా? ఆయనా ఏటొడ్డునే పుట్టాడు, నేనూ ఏటొడ్డునే పుట్టాను. ఏది విలసో ఏది పులసో నాకు తెలీదనుకున్నావా? రాత్రి దాక దించుతుంటేనే తెలిసింది, వెన్న వేత్తేనే గాని నూనె తేల్లేదు. నిజం పులస ఈ గడపకి రెండుసార్లొచ్చింది. ఒకసారి నువ్వు వద్దన్నావు. రెండోసారి నువ్వు లేవు. నేనే పంపేశాను, నీ కొడుకునడుగు."

నాన్న నా వైపు చూశాడు. నేను తలూపాను.

"మరి పులస కావాలన్నావు గదా" అన్నాడు నాన్న. గొంతు పూర్తిగా తగ్గిపోయింది.

"నువ్వు తెత్తే తినాలనుందన్నాను."

"నా వల్లో పడింది కాదే ఇది."

"వల కాపోతే సైకిలు. తెచ్చింది నువ్వేగా. ఇంకో ముక్క వెయ్యి" అని అమ్మ పళ్ళెం ముందుకు జరిపింది.

నాన్న లేచి దాక దగ్గరికి వెళ్ళాడు. గరిటె పెట్టకూడదని గుర్తొచ్చి, చేత్తోనే ముక్క తీసి ఆవిడ పళ్ళెంలో వేశాడు. తర్వాత ఒక గిన్నె తీసుకుని పులుసు పోసి, తల ముక్క వేసి నాకిచ్చాడు. "మీ పెదనాన్నకి ఇచ్చిరా" అన్నాడు.

నేను గిన్నె పట్టుకుని నాలుగిళ్ళు దాటాను. పెదనాన్న అప్పుడే అన్నానికి కూర్చున్నాడు, పక్కన కొడుకు. ఆయన గిన్నె అందుకున్నాడు. అన్నంలో పోసుకుని, కలిపి, తిన్నాడు. కొడుకు కూడా వేలు ముంచి నాకాడు.

"నాన్నా! ఇది విల..."

ఠంగుమని మొట్టికాయ పడింది. "పులస. నోరు మూసుకుని తిను" అన్నాడు పెదనాన్న. వాడు నెత్తి రుద్దుకుంటూ, కళ్ళ నీళ్ళతో, పులస, పులస అంటూ విలస తిన్నాడు. నా జన్మలో అంత తృప్తిగా ఎప్పుడూ ఇంటికి నడిచి రాలేదు.

చెల్లి పుట్టింది. చెవులు కారలేదు. ఇప్పటికీ దానికి గోడ అవతల మాట కూడా వినిపిస్తుంది. ఇంతా జరిగాక నాన్నకి కుళ్ళు పోయిందా అంటే, లేదు. మరుసటి ఏడు పెదనాన్న వంతుకి మళ్ళీ పులస పడితే మా ఇంట్లో మళ్ళీ అన్నం మానెయ్యడమే. 'పిల్లా' అన్న మాటకి మళ్ళీ రెండు రోజుల మౌనమే. అమ్మ నవ్వుకునేది. ఆ తర్వాత ఏట్లో పులసలే తగ్గిపోయాయి, వంతులు పోయాయి, రేవులో పడవలు బోర్లించి ఉన్నాయి. కుళ్ళుకోవడానికి కూడా ఏమీ లేని రేవు అయిపోయింది.

నేను మాత్రం ఆ కుళ్ళు మోసుకునే ఖతార్ వచ్చాను. నాకంటే ముందు ప్రమోషన్ వచ్చినవాళ్ళ మీద, వెస్ట్ బే అద్దాల మేడల్లో చల్లగా కూర్చుని సంతకాలు పెట్టేవాళ్ళ మీద, నా రొయ్యలతో నా పక్కనే చేపలు పట్టేవాళ్ళ మీద, అందరి మీదా కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. అవన్నీ నాలుగు రోజులుండి చల్లారిపోయాయి.

మా ఆవిడ అకౌంట్స్ ఆఫీసులో పనిచేస్తుంది. బంగారం లాంటి మనిషి. నాకు గుండె ఆపరేషన్ అయినప్పుడు నా మంచం పక్క కుర్చీలోంచి లేవలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకు ఒక్క అబద్ధం చెప్పలేదు. నేను కూర వండితే ఉప్పెక్కువైందంటుంది. చర్చిలో పాడితే ఇంటికొచ్చాక శృతి తప్పిందంటుంది. అన్నీ నిజాలే, కాదనను.

ఎదురుగా కూర్చున్న మొగుడి కోసం ఐసులో బిగుసుకుపోయిన చేపని ఎర్రనీటి పులస అని ముల్లు ముల్లూ చీకి, పళ్ళెం జరిపి ఇంకో ముక్క వెయ్యమన్న మనిషి మా నాన్నకి దొరికింది. దొరికీ, జీవితమంతా పక్కవాడి వలలో ఏం పడుతోందా అని చూస్తూనే పోయాడాయన. ఇంత వయసొచ్చాక, ఇంతమంది మీద ఏడ్చి ఏడ్చి, ఇప్పుడు నాకు కుళ్ళుగా ఉన్నది మా నాన్న మీద.